సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగం నుంచి ప్రభుత్వ సమాచార భద్రతా విభాగంలోకి మారడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రైవేటు సంస్థలో కొన్నేళ్లుగా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేస్తున్నాను. లినక్స్, విండోస్ సర్వర్లు రెండింటి బాధ్యతా నాదే. యూజర్ల ఖాతాలు తెరవడం, ఉద్యోగం మానేసినవారి ఖాతాలు మూసివేయడం, సాఫ్ట్‌వేర్ లోపాలను సరిచేసే ప్యాచ్‌లు వేయడం, బ్యాకప్‌లు సరిగా పడుతున్నాయో లేదో చూసుకోవడం, ఫైర్‌వాల్ నిబంధనలు మార్చవలసి వచ్చినప్పుడు నెట్‌వర్క్ బృందంతో కలిసి కూర్చోవడం నా నిత్యకృత్యం. ఇక్కడి నుంచి ప్రభుత్వ సమాచార భద్రతా విభాగంలోకి, మరీ ముఖ్యంగా సైబర్ దాడి జరిగినప్పుడు ఏం జరిగిందో తేల్చి వ్యవస్థలను తిరిగి నిలబెట్టే ఘటన స్పందన బృందంలోకి మారాలని నిశ్చయించుకున్నాను.

ఈ కోరికకు మూలం ఫైళ్లు తెరుచుకోకుండా చేసి డబ్బు డిమాండ్ చేస్తూ 2017 మే 12న మొదలైన వానాక్రై అనే సైబర్ దాడి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14ననే ప్యాచ్ విడుదల చేసింది. అయినా దాదాపు రెండు నెలల తరువాత వందకు పైగా దేశాల్లో కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగుల అపాయింట్‌మెంట్లను, కొన్ని శస్త్రచికిత్సలను సైతం రద్దు చేసుకోవలసి వచ్చింది. నేను రోజూ చేసే పనుల్లో ఒకటి ఎక్కడో జరగకపోవడం వల్ల రోగులు వైద్యం అందక వెనుదిరిగారన్న విషయం నా మనసులో నాటుకుపోయింది. ప్రజలందరూ ఆధారపడే వ్యవస్థలను కాపాడే చోట ఉండాలన్న ఆలోచన అప్పుడు మొదలై, ఏటికేడు గట్టిపడుతూ వచ్చింది.

నా సందేహాలు కొన్ని ఉన్నాయి. భద్రతా రంగంలో నాకు ఇంతవరకు ఏ సర్టిఫికెట్టూ లేదు. అది లేకుండా దరఖాస్తు చేస్తే అసలు పరిశీలిస్తారా? నా అనుభవాన్ని భద్రతా అనుభవంగా లెక్కలోకి తీసుకుంటారా, లేక రాత్రి షిఫ్టుల్లో అలర్టులు చూసే ప్రారంభ స్థాయి ఉద్యోగంతో మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కవలసిందేనా? ప్రభుత్వంలో నేపథ్య పరిశీలన చాలా కఠినంగా ఉంటుందని విన్నాను. అందులో దేనిని చూస్తారు? చేరిన తరువాత వదులుకోవలసినవి ఏమిటో కూడా ముందే తెలుసుకోవాలని ఉంది. అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని మనవి.

మొదటి సమాధానం: ఘటన స్పందన బృందంలో పనిచేస్తున్న విశ్లేషకురాలు

మీ ప్రశ్నలో మీ రోజువారీ పనిని వర్ణించిన వాక్యం చదివినప్పుడు నాకు సంతోషం కలిగింది, ఎందుకంటే మీరు భద్రతకు బయట ఉన్నామనుకుంటూ భద్రతా పనినే చేస్తున్నారు. మానేసినవారి ఖాతాను ఆ రోజే మూసివేయడం, వేసిన ప్యాచ్ నిజంగా పడిందో లేదో సరిచూడడం, బ్యాకప్‌ను తిరిగి తెరిచి పరీక్షించడం వంటి పనులు ఎక్కడ ఆగిపోయాయో అక్కడి నుంచే ఎన్నో పెద్ద ఘటనలు మొదలయ్యాయి. 2017లో అమెరికాలో ప్రజల రుణ చరిత్రలను నమోదు చేసే ఎక్విఫాక్స్ సంస్థ నుంచి సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు బయటికి పోయిన ఉదంతాన్ని తీసుకోండి. అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపం గురించి మార్చిలోనే హెచ్చరిక వచ్చింది. కాని ఆ హెచ్చరిక పంపవలసినవారి జాబితా పాతబడి ఉండడంతో అది చేరవలసినవారికి చేరలేదు. ఎన్‌క్రిప్ట్ అయిన (సంకేత రూపంలోకి మార్చిన) ట్రాఫిక్‌ను పరిశీలించే పరికరంలో డిజిటల్ సర్టిఫికెట్ గడువు ముగిసిపోయి నెలల తరబడి ఎవరి దృష్టికీ రాలేదు. జూలై చివరలో దానిని మార్చగానే అనుమానాస్పద ట్రాఫిక్ కనిపించింది. ఒక ఈమెయిల్ జాబితా, ఒక గడువు తేదీ: రెండూ మీలాంటివారు ప్రతిరోజూ చూసుకునేవే. అందువల్ల మీ అనుభవం లెక్కలోకి వస్తుందా అన్న సందేహాన్ని పక్కన పెట్టండి. దానిని భద్రతా దృష్టితో చెప్పడం అలవరచుకోవడమే ఇప్పుడు మీరు చేయవలసినది.

ఆ దృష్టి అలవడడానికి ఉద్యోగం మారనక్కరలేదు. మీ విండోస్ సర్వర్లలో సెక్యూరిటీ లాగ్‌ను ఇప్పుడు మీరు సమస్య వచ్చినప్పుడు మాత్రమే తెరుస్తూ ఉండవచ్చు. రోజూ కొంతసేపు తెరవండి. 4625 అనే సంఖ్యతో నమోదయ్యే విఫలమైన లాగిన్లు వరుసగా వచ్చి, వాటి వెనుకే 4624 అనే విజయవంతమైన లాగిన్ వస్తే అది పాస్‌వర్డ్ మరచిపోయిన ఉద్యోగిదా, పాస్‌వర్డ్ ఊహిస్తూ పోయిన అపరిచితుడిదా అని తేల్చడానికి ఏయే ఆధారాలు చూడాలో మీకు మీరే ప్రశ్న వేసుకోండి. ఆడిట్ లాగ్‌ను చెరిపివేశారని చెప్పే 1102 కనిపిస్తే, చెరిపినది మీ సహోద్యోగే అయినా సరే, కారణం తెలుసుకోకుండా వదలకండి. లినక్స్‌లోని లాగిన్ నమోదులనూ ఇలాగే చదవండి. మామూలు రోజున మీ వ్యవస్థ ఎలా ఉంటుందో క్షుణ్ణంగా తెలిసినవారికే మామూలు కానిది కంటబడుతుంది.

చరిత్రలో దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి ఉంది. 1986లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కంప్యూటర్ల వాడకపు లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. ఆ తేడా ఎందుకు వచ్చిందో చూడమని క్లిఫర్డ్ స్టోల్‌కు అప్పగించారు. ఆయన చదివినది ఖగోళశాస్త్రం. అంత చిన్న మొత్తాన్ని కొట్టివేయకుండా వెంటపడి, చొరబాటుదారు టైపు చేసిన ప్రతి అక్షరాన్నీ ప్రింటర్లపై ముద్రించుకుంటూ, తేదీ, సమయాలతో లాగ్‌బుక్ రాసుకుంటూ నెలల తరబడి సాగిన ఆ అన్వేషణ చివరికి జర్మనీలో ఉన్న వ్యక్తి దాకా వెళ్లింది. ఘటన స్పందన పనికి అవసరమైన గుణాలన్నీ ఆ ఒక్క ఉదంతంలో ఉన్నాయని నా నమ్మకం. వాటిలో అన్నిటికన్నా తక్కువగా గుర్తింపు పొందేది రాసిపెట్టుకోవడం.

ఈ రాత విషయాన్ని కొంచెం నొక్కి చెప్పాలనుకుంటున్నాను. మా పనిలో సగానికి పైగా రాయడమే. ఎవరు, ఏ సర్వర్‌ను, ఎన్ని గంటలకు, ఏ టైమ్ జోన్ ప్రకారం చూశారు. ఏ ఫైల్‌ను కాపీ చేసి దాని హ్యాష్ విలువను (ఫైల్ మారలేదని సరిచూసుకునే వేలిముద్ర వంటి సంఖ్యను) ఎక్కడ నమోదు చేశారు. తెలిసినది ఏది, ఊహించినది ఏది అన్న సంగతులు స్పష్టంగా లేకపోతే ఆ ఆధారం న్యాయస్థానంలో నిలవదు, పై అధికారి నిర్ణయం తీసుకోవడానికీ పనికిరాదు. ఆధారాలను ఏ క్రమంలో సేకరించాలో ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల శ్రేణిలో 2002లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3227 అనే చిన్న పత్రం వివరిస్తుంది: త్వరగా చెరిగిపోయే మెమరీ, నెట్‌వర్క్ సంబంధాలు, నడుస్తున్న ప్రాసెస్‌ల సమాచారం ముందు, డిస్క్ ఆ తరువాత, బ్యాకప్ టేపుల వంటివి చివర. సమస్య రాగానే సర్వర్‌ను రీస్టార్ట్ చేయడం అడ్మినిస్ట్రేటర్లకు సహజమైన అలవాటు. ఈ రంగంలోకి వచ్చేవారు అన్నిటికన్నా ముందు మానుకోవలసిన అలవాటు కూడా అదే, ఎందుకంటే మెమరీలో మాత్రమే ఉండే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) జాడ రీస్టార్ట్‌తో పూర్తిగా పోతుంది.

రాత్రి షిఫ్టు ఉద్యోగం గురించి అడిగారు. మీ అనుభవంతో అది తప్పనిసరి కాదు. అయితే ఘటన స్పందనకు నేరుగా అవకాశం దొరకకపోతే, అలర్టులను రాత్రింబవళ్లు గమనించే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో ఒక ఏడాది పనిచేయడాన్ని మెట్టు దిగడంగా భావించకండి. ఒక సంస్థలో అడ్మినిస్ట్రేటర్‌గా ఎన్నో ఏళ్లు ఉన్నా కనిపించనన్ని రకాల అలర్టులు అక్కడ కొద్ది నెలల్లో చేతిమీదుగా పోతాయి.

రెండవ సమాధానం: ప్రభుత్వ నియామక మండళ్లలో సాంకేతిక సభ్యుడిగా కూర్చున్న వ్యక్తి

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను. కాని సర్టిఫికెట్ల ప్రశ్నను అందులో వదిలేశారు. ప్రభుత్వ ఉద్యోగం విషయంలో దానిని వదలడానికి వీలులేదు. ప్రైవేటు సంస్థలో మేనేజరుకు అభ్యర్థి నచ్చితే అర్హతల్లో కొంత సడలింపు ఇవ్వగలడు. ప్రభుత్వ నియామకంలో మొదటి వడపోత చేసేవారికి ఆ స్వేచ్ఛ సాధారణంగా ఉండదు. ప్రకటనలో రాసిన అర్హత దరఖాస్తులో కనిపించాలి. కనిపించకపోతే ఎంత సమర్థులైనా ఇంటర్వ్యూ దాకా రారు. సమర్థులైనవారి దరఖాస్తులు ఇలా మొదటి దశలోనే పక్కకు పోవడం నాకు బాధ కలిగించే విషయం, అందుకే కాస్త కటువుగా చెబుతున్నాను. ముందు మీరు చేరాలనుకుంటున్న విభాగం గతంలో ఇచ్చిన ప్రకటనలను సేకరించి, వాటిలో మళ్లీ మళ్లీ వచ్చే అర్హతలను గుర్తించి, ఆ తరువాతే దేనికి డబ్బు, సమయం వెచ్చించాలో నిర్ణయించుకోండి.

సాధారణంగా ఎదురయ్యేవాటి గురించి కొంత చెబుతాను. ప్రారంభ స్థాయి భద్రతా సర్టిఫికెట్ అయిన కాంప్‌టియా సెక్యూరిటీ ప్లస్‌కు ముందస్తు అనుభవం తప్పనిసరి కాదు. మీ నేపథ్యంతో కొద్ది నెలల్లో సిద్ధం కావచ్చు. అనుభవజ్ఞులకు ఇచ్చే సీఐఎస్‌ఎస్‌పీ అనే సర్టిఫికెట్‌కు అందులోని ఎనిమిది విభాగాలలో కనీసం రెండింటిలో కలిపి ఐదేళ్ల అనుభవం కావాలి, తగిన డిగ్రీ ఉంటే ఒక ఏడాది మినహాయింపు లభిస్తుంది. అనుభవం చాలకపోయినా పరీక్ష ఉత్తీర్ణులైతే అసోసియేట్‌గా గుర్తించి, మిగిలిన అనుభవం సంపాదించుకోవడానికి ఆరేళ్ల గడువు ఇస్తారు. ఖాతాల నిర్వహణ, ప్యాచ్‌లు, బ్యాకప్‌లు ఆ విభాగాల పరిధిలోకి వచ్చేవే కాబట్టి మీరు ఇప్పటికే కొంత దూరం నడిచినట్టే. చొరబాటు పరీక్షల (అనుమతితో దాడి చేసి లోపాలు వెదికే పని) వైపు వెళ్లేవారు ఎంచుకునే ఓఎస్‌సీపీ అనే సర్టిఫికెట్‌లో 23 గంటల 45 నిమిషాల ప్రయోగ పరీక్ష తరువాత నివేదిక రాసి పంపడానికి మరో 24 గంటలు ఇస్తారు. రాత ప్రాముఖ్యం గురించి పైన చెప్పిన మాట అక్కడా వర్తిస్తుంది. అయితే ఘటన స్పందనే మీ లక్ష్యమైతే దానితో మొదలుపెట్టనక్కరలేదు.

ఇంటర్వ్యూలో మేము అడిగే ప్రశ్నల స్వభావం కూడా చెప్పడం మంచిది. నిర్వచనాలు అడిగి వదిలేసే మండళ్లు ఉన్నాయి, కాదనను. కాని మంచి మండలి ఒక పరిస్థితిని మీ ముందు పెడుతుంది: అర్ధరాత్రి ఒక కార్యాలయంలో ఫైళ్లన్నీ తెరుచుకోకుండా పోయాయి, ఉదయానికి ప్రజలు సేవల కోసం వస్తారు, మీరు మొదట ఏం చేస్తారు? వెంటనే ఉపకరణాల పేర్లు చెప్పేవారికన్నా, ఏయే యంత్రాలు ప్రభావితమయ్యాయి, బ్యాకప్‌లు నెట్‌వర్క్ నుంచి వేరుగా ఉన్నాయా, నిర్ణయం తీసుకునే అధికారం ఎవరిది అని తిరిగి ప్రశ్నించేవారికే మేము ఎక్కువ మార్కులు వేస్తాము. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2012లో సవరించి వెలువరించిన 800-61 మార్గదర్శిక ఘటన నిర్వహణను సన్నద్ధత, గుర్తింపు-విశ్లేషణ, కట్టడి-నిర్మూలన-పునరుద్ధరణ, ఘటనానంతర చర్యలు అని నాలుగు దశలుగా విభజించింది. 2025లో దానికి కొత్త రూపం వచ్చినా ఆ నాలుగు దశల అవగాహన ఇప్పటికీ ఉపయోగపడుతుంది. రెండు ప్రతులూ ఉచితంగా దొరుకుతాయి, రెండింటినీ చదవండి.

మూడవ సమాధానం: ప్రైవేటు రంగం నుంచి ప్రభుత్వ సేవలోకి మారిన ఉద్యోగి

నేపథ్య పరిశీలన గురించి, వదులుకోవలసినవాటి గురించి అడిగిన ప్రశ్నలకు నేను జవాబిస్తాను. దేశాన్ని బట్టి, ఉద్యోగ స్థాయిని బట్టి వివరాలు మారినా, అడిగే అంశాలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి: గతంలో నివసించిన చిరునామాలు, పనిచేసిన సంస్థలు, చదువు, విదేశీ ప్రయాణాలు, విదేశాల్లో ఉన్న బంధువులు, అప్పులు, పోలీసు కేసులు. ఈ ప్రశ్నల వెనుక ఉన్న ఆలోచన అర్థమైతే భయం సగం తగ్గుతుంది. మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడికి లోనుచేయగలరా, మీరు చెప్పిన మాటను నమ్మవచ్చా అన్నవే వారు తేల్చుకోవాలనుకునేవి. అందువల్ల అప్పు ఉండడం కన్నా అప్పును దాచడం చాలా పెద్ద విషయం అవుతుంది. బ్యాంకు రుణం తీసుకుని సక్రమంగా కడుతున్న వ్యక్తిపై ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఉన్న రుణాన్ని లేదని రాసిన వ్యక్తి మిగతా జవాబులన్నీ అనుమానంలో పడతాయి.

ఇప్పటి నుంచే చేయగలిగినది ఒకటి ఉంది. మీరు పనిచేసిన ప్రతి సంస్థ నుంచి నియామక పత్రం, విడుదల పత్రం తీసుకుని భద్రపరచండి. రెజ్యూమేలోని తేదీలు వాటితో సరిపోలేలా చూడండి. పాత సంస్థ మూతపడిన తరువాత ఆ కాగితాల కోసం తిరగడం ఎంతో కష్టం. పరిశీలన పూర్తి కావడానికి నెలలు పట్టడం సాధారణం కాబట్టి, చేతికి నియామక ఉత్తర్వు వచ్చేదాకా ఇప్పటి ఉద్యోగానికి రాజీనామా చేయవద్దు. ఎంపికయ్యారన్న మౌఖిక సమాచారం వేరు, ఉత్తర్వు వేరు.

ఈ సందర్భంలో 2015లో బయటపడిన ఒక సంఘటనను మీరు తెలుసుకోవాలి. అమెరికా ప్రభుత్వ సిబ్బంది నిర్వహణ కార్యాలయం నుంచి నేపథ్య పరిశీలనకు సంబంధించిన సుమారు 2 కోట్ల 15 లక్షల మంది వివరాలు చోరీకి గురయ్యాయి. వారిలో ఉద్యోగులు, దరఖాస్తుదారులు మాత్రమే కాక జీవిత భాగస్వాములు కూడా ఉన్నారు, లక్షల మంది వేలిముద్రలు సైతం పోయాయి. దరఖాస్తుదారులు నమ్మకంతో రాసిచ్చిన అతి వ్యక్తిగత విషయాలవి. మనం చేరాలనుకునే విభాగాలు ఎటువంటి సమాచారానికి కాపలాదారులో, ఆ కాపలా విఫలమైతే నష్టం ఎవరికో దీనికన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఇక వదులుకోవలసినవి. ఒకే స్థాయి నైపుణ్యానికి ప్రైవేటు రంగంలో సాధారణంగా జీతం ఎక్కువ. ఈ తేడా అనుభవంతో పాటు పెరుగుతుందే తప్ప తగ్గదు. మీరు చేసిన మంచి పనిలో అధిక భాగం బయట చెప్పుకోలేరు. వ్యాసం రాయాలన్నా, సదస్సులో మాట్లాడాలన్నా ముందుగా అనుమతి కావాలి. కొన్ని గదుల్లోకి సొంత ఫోను కూడా తీసుకువెళ్లనివ్వరు. వీటన్నిటినీ నేను సులభంగానే అలవాటు చేసుకున్నాను. నాకు కష్టంగా ఉన్నది పదోన్నతుల తీరు: చాలా చోట్ల ఒక స్థాయి దాటాక ఎదగాలంటే సాంకేతిక పని వదిలి పరిపాలన వైపు వెళ్లవలసి వస్తుంది. సాంకేతిక నిపుణులకు ప్రత్యేకంగా ఎదిగే మార్గం ఉన్న విభాగాలూ ఉన్నాయి. చేరే ముందు ఈ ఒక్క విషయాన్ని తప్పకుండా అడిగి తెలుసుకోండి. దీనిని అడగడం మొహమాటపడవలసిన విషయం కానే కాదు.

ప్రతిగా దొరికేది కూడా చెప్పాలి. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థలపై జరిగిన దాడిలో సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి, చేత్తో స్విచ్‌లు వేసి, కొన్ని గంటల్లోనే సరఫరాను పునరుద్ధరించారు. విద్యుత్తు, నీరు, ఆసుపత్రుల వంటి వ్యవస్థల రక్షణలో పాలుపంచుకునే అవకాశం ప్రభుత్వ సేవలో దొరికినంతగా ఇతర చోట్ల దొరకడం అరుదు. ఇటువంటి చోట్ల యంత్రాలను నడిపే పారిశ్రామిక నియంత్రణ వ్యవస్థల భద్రత తెలిసినవారు ఎప్పుడూ తక్కువే కాబట్టి, రెండు మూడేళ్ల తరువాత ప్రత్యేకతను ఎంచుకునే వేళ ఈ వైపు కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నా అనుభవాన్ని నేను తక్కువగా అంచనా వేసుకుంటున్నానని అర్థమైంది. మరో రెండు సందేహాలు మిగిలాయి. నా సంస్థ లాగ్‌లు, ఘటనలు గోప్యమైనవి. వాటిని బయటపెట్టకుండా ఇంటర్వ్యూలో నా నైపుణ్యాన్ని చూపించడం ఎలా? సాధన కోసం ఇంటర్నెట్‌లో కనిపించే వెబ్‌సైట్లలో లోపాలు వెదికి, వాటి యజమానులకు తెలియజేస్తే ప్రయోజనం ఉంటుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అది సరైన మార్గమేనా?

మొదటి సమాధానం ఇచ్చిన విశ్లేషకురాలు

రెండవ దానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అందులో ప్రమాదం ఉంది. యజమాని అనుమతి లేకుండా ఇతరుల వ్యవస్థను పరీక్షించడం చాలా దేశాల చట్టాల ప్రకారం నేరం కావచ్చు. మీ ఉద్దేశం మంచిదన్నది ఆ తరువాత నిరూపించుకోవలసిన విషయం అవుతుంది. నేపథ్య పరిశీలన ఎదుర్కోబోయే మీరు ఆ పరిస్థితిని కొనితెచ్చుకోకూడదు. బయటివారు లోపాలు వెదకడానికి కొన్ని సంస్థలు బహిరంగంగా అనుమతి ఇస్తాయి. ఏయే వ్యవస్థలను, ఏ హద్దుల్లో పరీక్షించవచ్చో వారే రాతపూర్వకంగా ప్రకటిస్తారు. ఆ హద్దులు చదివి, వాటిలోనే ఉండగలిగితే చేయండి. లోపం ఎవరికి తెలియజేయాలో చెప్పే సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్‌కు 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9116 ద్వారా ఒక నిర్ణీత రూపం వచ్చింది. కాని ఆ ఫైల్ ఉన్నంత మాత్రాన పరీక్షించడానికి అనుమతి ఇచ్చినట్టు కాదని ఆ పత్రమే స్పష్టం చేస్తుంది. మీ మిత్రుడికి కూడా ఈ మాట చెప్పండి.

మొదటి సందేహానికి మార్గం సులభమే. మీ సొంత కంప్యూటర్‌లో రెండు మూడు వర్చువల్ యంత్రాలు (ఒకే కంప్యూటర్ లోపల విడి కంప్యూటర్లలా నడిచేవి) పెట్టుకుని, వాటిని బయటి నెట్‌వర్క్ నుంచి వేరుచేసి, ఒకదాని నుంచి రెండవదానిపై మీరే పాస్‌వర్డ్ ఊహించే దాడి చేయండి. ఆ తరువాత దాడి సంగతి తెలియని వ్యక్తిలా రెండవ యంత్రపు లాగ్‌లు, మెమరీ, నెట్‌వర్క్ ట్రాఫిక్ మాత్రమే చూస్తూ ఏం జరిగిందో తిరిగి నిర్మించండి. వైర్‌షార్క్ (నెట్‌వర్క్ ట్రాఫిక్‌కు), సిస్‌మాన్ (విండోస్ లాగ్‌లకు), వొలటిలిటీ (మెమరీకి) వంటి ఉచిత ఉపకరణాలు ఇందుకు సరిపోతాయి. దొరికినదాన్ని మూడు నాలుగు పేజీల నివేదికగా రాయండి: ముందు సాంకేతికత తెలియని అధికారి కోసం ఒక పేరా, తరువాత కాలక్రమం, ఆ తరువాత ఆధారాలు, చివర తేలని ప్రశ్నలు. ఇటువంటి నివేదికలు మూడు ఉంటే ఇంటర్వ్యూలో చూపించడానికి అవే చాలు, వాటిలో మీ సంస్థ రహస్యం ఒక్కటీ ఉండదు.

సంస్థలోని నిజమైన ఘటన గురించి ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే, గోప్యత వల్ల వివరాలు చెప్పలేనని మర్యాదగా చెప్పి, మీరు అనుసరించిన పద్ధతిని మాత్రం వివరించండి. ఇప్పటి యజమాని రహస్యాలను ఇంటర్వ్యూలోనే బయటపెట్టే అభ్యర్థికి రేపు మా ఫైళ్లు అప్పగించగలమా అని మండలి సభ్యులు ఆలోచిస్తారు. నివేదికల్లో మొదటిది పూర్తయ్యాక, పేర్లు, చిరునామాలు తీసివేసి ఇక్కడ పెట్టండి. కాలక్రమం రాసిన తీరును నేను చదివి, సవరణలు సూచిస్తాను.